తిన్నగా ఎగిరినవాళ్లు

ముద్దనూరు రైల్వే స్టేషన్‌కు నిటారుగా 12 కిలోమీటర్ల పైన ఒక విమానం పోతోందనుకుందాం. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాళ్లకు అది చుక్కంత. ఆ విమానం పొట్టలో బిగించిన గాజు కిటికీ లోంచి చూసేవాళ్లకు మాత్రం తాడిపత్రి నుంచి వచ్చి ఎర్రగుంట్ల వైపు సాగిపోయే పట్టాలు, ఎర్రమల కొండల్ని చీల్చుకుని గండికోట దగ్గర బయటపడే పెన్న, జమ్మలమడుగు, దానికి తూర్పున ప్రొద్దుటూరు, దక్షిణాన పులివెందుల దారి, అన్నీ ఒక్క చూపులో అందుతాయి. చూడటం తేలికే. చూసినదాన్ని కొలతకు పనికొచ్చే ఫోటోగా తేవడమే కష్టం.

ఆ ఫోటోకు కెమెరా పెట్టే షరతులు నాలుగు. ఎత్తు మారకూడదు, వేగం మారకూడదు, రెక్కలు ఒరగకూడదు, దారి వంకర పోకూడదు. కింద శత్రువు ఫిరంగి దగ్గర కూర్చున్నవాడు కోరుకునేవీ సరిగ్గా ఈ నాలుగే. గుండు పైకి చేరే లోపు విమానం ఎక్కడుంటుందో లెక్క కట్టాలంటే అది తిన్నగా పోవాలి. యుద్ధ విమానం పైలట్‌కు ప్రమాదం ఎదురైతే పక్కకు తిప్పే వెసులుబాటు ఉంది. నిఘా విమానం పైలట్ పక్కకు తిప్పితే ప్రాణం దక్కుతుంది, ఫోటో పోతుంది. ఫోటో పోతే ఆ ప్రయాణానికి అర్థమే లేదు. ఈ వృత్తిలో శౌర్యమంటే ఏమిటో తెలియాలంటే ముందు కెమెరా సంగతి తెలియాలి.

భారత వాయుసేనలో ఈ పనికి పెట్టింది పేరు వింగ్ కమాండర్ జగ్‌మోహన్ నాథ్. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న లయ్యాలో 1930లో పుట్టారు. దేశ విభజన ముగిసిన మరుసటి ఏడాది, 1948లో వాయుసేనలో చేరారు. పరమవీర చక్ర తర్వాత అంతటి యుద్ధ పురస్కారం మహావీర చక్ర. దాన్ని రెండుసార్లు అందుకున్నవాళ్లు మన సైనిక చరిత్రలో ఆరుగురే. అందులో నాథ్ ఒకరు. 1962లో ఒకటి, 1965లో ఇంకొకటి. రెండుసార్లూ ఆయన నడిపిన విమానంలో ఒక్క తుపాకీ లేదు, ఒక్క బాంబు లేదు.

ఆ విమానం పేరు కాన్‌బెరా పీఆర్-57. 1957లో బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందం కింద వచ్చిన కాన్‌బెరాల్లో ఎక్కువ భాగం బాంబర్లు. ఎనిమిది మాత్రం ఫోటోల కోసం ప్రత్యేకంగా తయారైనవి. రెండు జెట్ ఇంజన్లు, ఒక చివరి నుంచి ఇంకో చివరికి దాదాపు 19.5 మీటర్ల వెడల్పాటి రెక్కలు, 14 కిలోమీటర్లు దాటి పైకి పోగల సత్తా. లోపల ఇద్దరే మనుషులు, పైలట్, నావిగేటర్. ఫోటోలు తీసే చోటికి వచ్చాక నావిగేటర్ ముక్కు భాగంలోకి పాక్కుంటూ పోయి, బోర్లా పడుకుని, కింద నేల చూస్తూ "కాస్త ఎడమకు, ఇంకాస్త, అంతే" అని పైలట్‌ను దారిలో పెట్టాలి. మనం చెప్పుకునేది ఎప్పుడూ పైలట్ పేరే. ఆ బోర్లా పడుకున్నవాడి పేరు ఎవరూ అడగరు.

ఆగ్రా స్థావరంగా ఉన్న 106వ స్క్వాడ్రన్ ఈ విమానాలను నడిపేది. పని ఎంత ప్రమాదమో తెలియడానికి ఆ స్క్వాడ్రన్‌కు ఎక్కువ కాలం పట్టలేదు. 1959 ఏప్రిల్ 10న రావల్పిండి దగ్గర పాకిస్తాన్ సేబర్ జెట్‌లు ఒక కాన్‌బెరాను కూల్చేశాయి. అందులో ఉన్న స్క్వాడ్రన్ లీడర్ సేన్‌గుప్తా, ఫ్లైట్ లెఫ్టినెంట్ రాంపాల్ పారాచూట్లతో దిగి పట్టుబడ్డారు, తర్వాత విడుదలయ్యారు. పాకిస్తాన్ వైపు కథనం ప్రకారం కాన్‌బెరా తిన్నగా పోతున్నంతసేపూ సేబర్‌లు దాని ఎత్తు అందుకోలేకపోయాయి. అది మలుపు తిరగబోయి కొంత ఎత్తు కోల్పోయింది, అక్కడే దొరికిపోయింది.

ఈ మలుపు సంగతి భౌతికశాస్త్రం తేలిగ్గా చెప్పేస్తుంది. విమానం 45 డిగ్రీలు ఒరిగి తిరగాలంటే రెక్కలు మామూలు కంటే 1.4 రెట్లు ఎత్తుడు బలం పుట్టించాలి. నేలకు దగ్గరగా దట్టమైన గాలి ఉన్నచోట అది సమస్య కాదు. 14 కిలోమీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి నేల మీద ఉండే దాంట్లో ఏడో వంతు. అక్కడ రెక్కలు ఉన్న బలమంతా వాడి విమానాన్ని నిలబెట్టుకొస్తుంటాయి. ఇంకో 0.4 వంతు అడిగితే ఇవ్వడానికి ఏమీ మిగలదు, విమానం కిందికి జారుతుంది. అంటే అంత ఎత్తున తిన్నగా ఎగరడం ప్రమాదం, తిరగడం ఇంకా పెద్ద ప్రమాదం.

మరి అంత ఎత్తుకు పోవడమెందుకు? కింద ఎగిరితే ఫోటో స్పష్టంగా రాదా?

వస్తుంది. కానీ ఎంత నేల వస్తుంది, ఎంత అలుక్కుపోతుంది అనే లెక్కలున్నాయి. ఫోటో స్కేలును నిర్ణయించేవి రెండే: కటకం నాభ్యంతరం, విమానం ఎత్తు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే స్కేలు. ఆ తరం బ్రిటిష్ నిఘా కెమెరాల్లో పేరున్నది ఎఫ్-52. దాని పెద్ద కటకాల్లో ఒకదాని నాభ్యంతరం 36 అంగుళాలు, అంటే 91 సెంటీమీటర్లు. 12 కిలోమీటర్ల ఎత్తులో దాన్ని వాడితే స్కేలు సుమారు 1:13,000. ఫిల్ము మీద ఒక మిల్లీమీటరు నేల మీద 13 మీటర్లన్నమాట. ఒక్కో ఫిల్ము చట్రం ఎనిమిదిన్నర అంగుళాలకు ఏడంగుళాలు, కాబట్టి ఒక్క ఫోటోలో సుమారు 2.8 కిలోమీటర్ల వెడల్పు, 2.3 కిలోమీటర్ల పొడవున్న నేల పడుతుంది. ముద్దనూరు స్టేషన్‌లో ఆగిన గూడ్స్ వ్యాగన్ మిల్లీమీటరుకు కాస్త తక్కువ గీతగా కనిపిస్తుంది. భూతద్దం పెట్టి వ్యాగన్లు లెక్కపెట్టొచ్చు. పట్టాల పక్కన నడిచే మనిషి మాత్రం కనిపించడు.

విమానం ఆగి ఫోటో తీయదు కదా. గంటకు 800 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 222 మీటర్లు. షట్టరు సెకనులో 250వ వంతు సేపు తెరుచుకున్నా ఆ లోపే విమానం దాదాపు 90 సెంటీమీటర్లు ముందుకు జరిగిపోతుంది. 12 కిలోమీటర్ల పైనుంచి ఇది పెద్ద లోపం కాదు, ఫిల్ము మీద 0.07 మిల్లీమీటరు మాత్రమే మసకబారుతుంది. అదే వేగంతో 300 మీటర్ల ఎత్తున, ఆరంగుళాల కటకంతో తీస్తే మసక 0.4 మిల్లీమీటరు దాటుతుంది, ఫోటో చారలు చారలుగా మిగులుతుంది. దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన విరుగుడు నాకు భలే నచ్చుతుంది. షట్టరు తెరుచుకున్న ఆ క్షణంలో ఫిల్మును కూడా నేల బొమ్మ జరిగే దిక్కుకే, అదే వేగంతో జరుపుతారు. పైన చెప్పిన లెక్కకు ఆ వేగం సెకనుకు సుమారు 11 సెంటీమీటర్లు. కెమెరాకు ఈ వేగం చెప్పాలంటే విమానం ఎత్తు, వేగం ముందే తెలియాలి, అవి మారకూడదు. మళ్లీ అదే షరతు.

ఒరగకూడదన్న నియమం మరీ కఠినం. విమానం ఒక్క డిగ్రీ పక్కకు వాలితే 12 కిలోమీటర్ల కింద ఫోటో మధ్యబిందువు 210 మీటర్లు తప్పుతుంది. మూడు డిగ్రీలైతే 600 మీటర్ల పైమాటే. పెద్ద ప్రాంతాన్ని ఫోటోలు తీయాలంటే విమానం గొర్రుతో విత్తనం వేసే రైతులా సాలు పక్కన సాలు పట్టుకుని పోవాలి. సాలు వంకరపోతే మధ్యలో నేల మిగిలిపోతుంది. వేరుశెనగ చేలో ఆ ఖాళీ అందరికీ కనిపిస్తుంది. నిఘా ఫోటోలో మిగిలిన ఖాళీలో ఏముందో ఎవరికీ తెలియదు. అక్కడే ఫిరంగులుండొచ్చు.

ఇక చలి. ఆ ఎత్తున బయట మైనస్ 50 డిగ్రీలకు అటూఇటూ ఉంటుంది. కటకం మీద తేమ గడ్డకడుతుంది, నూనెలు చిక్కబడతాయి, ఫిల్ము పెళుసెక్కుతుంది. రెండో ప్రపంచ యుద్ధం మొదలవడానికి ముందే సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. వ్యాపారి వేషంలో లాక్‌హీడ్ విమానం నడుపుతూ జర్మనీ మీద రహస్యంగా ఫోటోలు తీసిన ఘనుడాయన. కెమెరా కిటికీ మీదుగా వెచ్చని గాలి పారేలా చేసి అద్దం మసకబారకుండా చూసుకున్నాడు. అదే కాలంలో మారిస్ లాంగ్‌బాటమ్ అనే యువ అధికారి ఇంకో వాదన లేవనెత్తాడు. నిఘా విమానానికి తుపాకులెందుకు, వాటి బరువు తీసేసి పెట్రోలు నింపండి, వేగమూ ఎత్తే దానికి రక్ష అన్నాడు. తుపాకులు ఊడబీకిన స్పిట్‌ఫైర్లు అలా పుట్టాయి. ఆ ఆలోచనకు వారసురాలే మన పీఆర్-57.

ఆ పైలట్లకు ఇంకో బెడద వాళ్ల వెనకాలే పుట్టేది. ఇంజన్ నుంచి వెలువడే నీటి ఆవిరి చల్లటి పలుచని గాలిలో మంచు స్ఫటికాలుగా మారి తెల్లటి చారగా సాగుతుంది. మన ఊళ్ల మీదుగా పోయే విమానాల వెనక పిల్లలు చూసి కేరింతలు కొట్టే చార అదే. శత్రు దేశం మీద అది విమానం ఎక్కడుందో బాణం గుర్తుతో చూపించేస్తుంది. అందుకే నిఘా పైలట్లు అద్దంలో వెనక్కి చూసుకుంటూ, చార పడితే ఎత్తు మార్చేసి అది పడని పొరలోకి జారుకునేవారు. చార పడే పొరలోనే ఫోటో తీయాల్సి వస్తే చేసేదేమీ లేదు.

ఇన్ని కష్టాలకు ఓర్చి తెచ్చిన ఫోటో ఒక్కటైతే సగం పనే అయినట్టు. రెండు కావాలి. బొటనవేలు ముఖానికి ఎదురుగా పట్టుకుని ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి చూడండి. వేలు వెనకున్న గోడ మీద అటూఇటూ గెంతుతుంది. దగ్గరి వస్తువు ఎక్కువ గెంతుతుంది, దూరపుది తక్కువ. మెదడు లోతును పసిగట్టేది ఈ తేడా నుంచే. మన రెండు కళ్ల మధ్య దూరం ఆరున్నర సెంటీమీటర్లే కాబట్టి వందల మీటర్ల అవతల మనకు లోతు అందదు. విమానం తన రెండు కళ్లను కిలోమీటరు ఎడంగా పెట్టుకుంటుంది. ఒక ఫోటోకూ తర్వాతి ఫోటోకూ నేల 60 శాతం ఉమ్మడిగా ఉండేలా తీస్తారు. అంటే భూమ్మీద ప్రతి చోటూ కనీసం రెండు వేర్వేరు స్థానాల నుంచి కెమెరాకు చిక్కుతుంది.

గండికోటనే తీసుకోండి. కోట అంచున నిలబడి చూస్తే పెన్న లోయ లోతు సుమారు 300 అడుగులంటారు, 90 మీటర్లనుకుందాం. సర్వే కెమెరాతో, 23 సెంటీమీటర్ల చదరపు చట్రంతో, అంచు నుంచి 3 కిలోమీటర్ల ఎత్తున రెండు ఫోటోలు తీస్తే అంచు మీది బండరాయికీ నది ఒడ్డుకూ మధ్య ఆ గెంతులో తేడా ఫిల్ము మీద రెండున్నర మిల్లీమీటర్లు దాటుతుంది. స్కేలుతో కొలవగలిగినంత! జంట ఫోటోలను స్టీరియోస్కోప్ కింద పెట్టి చూస్తే లోయ బల్ల మీద గుంత పడ్డట్టు లోపలికి దిగిపోతుంది. మొదటిసారి చూసినవాళ్లు వేలు పెట్టి తడిమి చూస్తారు. కొండ వెనక దాగిన ఫిరంగి గుంట, చెట్ల కొమ్మల మధ్య కప్పిన ట్యాంకు, వంతెన ఎత్తు అన్నీ ఇందులో బయటపడతాయి. పచ్చ రంగు వల కప్పి కంటిని మోసం చేయొచ్చు, ఎత్తును దాచడం కష్టం.

దీనికి పైలట్ చెల్లించే మూల్యం కాలంలో. ఎఫ్-52 లెక్క ప్రకారం 60 శాతం ఉమ్మడి రావాలంటే దాదాపు నాలుగు సెకన్లకు ఒక ఫోటో పడాలి. 100 కిలోమీటర్ల సరిహద్దును ఒక సాలుగా తీయాలంటే ఏడున్నర నిమిషాలు. ఆ ఏడున్నర నిమిషాలూ రాడార్ తెర మీద ఆ చుక్క కనిపిస్తూనే ఉంటుంది. 12 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న విమానాన్ని నేల మీది రాడార్ సుమారు 450 కిలోమీటర్ల దూరం నుంచే చూడగలదు. నేలను ఒరుసుకుంటూ, 100 మీటర్ల ఎత్తున పోతే భూమి గుండ్రదనం అడ్డొచ్చి ఆ దూరం 40 కిలోమీటర్లకు పడిపోతుంది. కింద ఎగిరితే రాడార్ నుంచి రక్షణ, కానీ ఫోటోలో వచ్చే నేల గుప్పెడు. పైన ఎగిరితే నేలంతా దొరుకుతుంది, తనూ దొరుకుతాడు.

ఫోటో ల్యాబ్‌కు చేరాక కథ పైలట్ చేతుల్లోంచి చదివేవాళ్ల చేతుల్లోకి పోతుంది. వాళ్ల పని ఎలా ఉంటుందో చెప్పడానికి ముద్దనూరు దాపునే మంచి ఉదాహరణ ఉంది: కలమల్ల దగ్గరి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం, జనం నోట ఆర్టీపీపీ. ఎవరో బయటివాడికి దాని గురించి ఏమీ తెలియదు, ఒక్క ఫోటో ఉందంతే అనుకుందాం. బొగ్గు కుప్ప నీడ ఫిల్ము మీద ఒక మిల్లీమీటరు ఉంటే, సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉన్న వేళ తీసిన ఫోటో అయితే, కుప్ప ఎత్తు 13 మీటర్లు. పొడవు, వెడల్పు నేరుగా కొలుచుకోవచ్చు కాబట్టి కుప్పలో బొగ్గు ఎన్ని టన్నులో తేలుతుంది. 1,650 మెగావాట్ల కేంద్రం పూర్తి సామర్థ్యంతో నడిస్తే మన దేశపు బొగ్గు రోజుకు పాతిక వేల టన్నుల పైచిలుకు కావాలి. కుప్పను దీంతో భాగిస్తే ఎన్ని రోజులకు సరిపోతుందో తెలుస్తుంది. సైడింగ్‌లో ఎన్ని వ్యాగన్లున్నాయో, అవి నిండుగా ఉన్నాయో ఖాళీవో చూస్తే సరఫరా ఎలా ఉందో తెలుస్తుంది. ఎన్ని చిమ్నీల నుంచి పొగ వస్తోందో చూస్తే ఎన్ని యూనిట్లు నడుస్తున్నాయో తెలుస్తుంది. వారం తర్వాత ఇంకో ఫోటో దొరికితే మొదటిదానికంటే పదింతల సమాచారం వస్తుంది, ఎందుకంటే అప్పుడు మార్పు కనిపిస్తుంది. బ్రిటన్‌లో కాన్‌స్టన్స్ బాబింగ్టన్ స్మిత్ అనే ఆమె 1943లో పీనెమ్యుండె ఫోటోలో, వాలు రాంపు మీద గింజంత ఆకారాన్ని చూసి అది జర్మనీ కొత్తగా తయారుచేస్తున్న వీ-1 ఎగిరే బాంబు అని పట్టుకుంది కూడా ఇలాంటి చూపుతోనే.

1960 తర్వాత నాథ్ తీసిన ఫోటోల్లో కనిపించిన మార్పు అక్సాయ్‌చిన్‌లో, టిబెట్‌లో చైనా సేనల మోహరింపు. హిమాలయాల మీద ఈ పని రెండింతలు కష్టం. లద్దాఖ్ పీఠభూమే 5 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి విమానం నేల నుంచి చూస్తే అంత ఎత్తులో లేనట్టే. శిఖరానికి ఒక స్కేలు, లోయకు ఒక స్కేలు వస్తుంది. ఇంజన్ ఆగిపోతే దిగడానికి చోటు లేదు, దూకితే బతికే అవకాశం అంతంతమాత్రం. దారి చూపే మ్యాపుల్లో కొన్నిచోట్ల నమ్మదగిన వివరమే లేదు. అలాంటి చోట్లకు మళ్లీ మళ్లీ వెళ్లొచ్చినందుకే మొదటి మహావీర చక్ర.

ఫోటోలు ఢిల్లీకి చేరాయి. 1962 అక్టోబరులో యుద్ధం వచ్చినప్పుడు మన యుద్ధ విమానాలను దాడులకు పంపలేదు, రవాణాకే వాడారు. చైనా వాయుసేన ప్రతిదాడి చేస్తుందన్న భయం దానికి చెప్పిన కారణాల్లో ఒకటి. నాథ్ ఆ తర్వాత ఇచ్చిన ఇంటర్వ్యూలలో దీన్ని గట్టిగా తప్పుబట్టారు. టిబెట్ మీద తనను అడ్డుకోవడానికి ఒక్క విమానం రాలేదని, వాయుసేనను దింపి ఉంటే యుద్ధం ఇంకోలా ఉండేదని ఆయన వాదన. చరిత్రకారులందరూ దీనికి తలూపరు. అయినా తుపాకీ లేకుండా అక్కడికి వెళ్లొచ్చిన మనిషి మాటకు ఒక బరువు ఉంది. ఎవరూ వెంట రాలేదన్నదే అక్కడ ఎవరూ లేరనడానికి ఆయన తెచ్చిన సాక్ష్యం, అది ఏ ఫిల్ము మీదా పడని సాక్ష్యం. నిఘా నివేదికల్లో కనిపించనిదాన్ని కూడా చదవాలన్న సంగతి బల్లల వెనకున్నవాళ్లు తరచూ మరిచిపోతారు.

1965లో పరిస్థితి వేరు. పాకిస్తాన్‌కు రాడార్లున్నాయి, సేబర్‌లున్నాయి, స్టార్‌ఫైటర్‌లున్నాయి. కాన్‌బెరా వేగం వీటి ముందు దిగదుడుపు. అయినా నాథ్ పట్టపగలు, వెంట రక్షణ విమానాలు లేకుండా శత్రు భూభాగం లోపలికి పోయి సేనల జాడ, విమానాశ్రయాల ఫోటోలు తెచ్చారు. పట్టపగలే ఎందుకంటే ఫిల్ముకు వెలుతురు కావాలి, నీడలు కావాలి. రెండో మహావీర చక్ర దానికి. 1969లో ఆయన వాయుసేన వదిలి ఎయిర్ ఇండియా విమానాలు నడిపారు. 2023 ఆగస్టులో కన్నుమూశారు. అన్ని రహస్య ప్రయాణాలు చేసినవాడి ప్రశంసాపత్రంలో వివరాలు ఉండీ లేనట్టుంటాయి. ఎక్కడికెళ్లాడో చెప్పకుండా ఎంత గొప్పగా వెళ్లాడో చెప్పాలి మరి.

ఈ రంగంలో మన హైదరాబాదు వాటా కూడా ఉంది. ఇద్రిస్ హసన్ లతీఫ్ 1923లో హైదరాబాదులో పుట్టి, నిజాం కాలేజీలో చదివి, పద్దెనిమిదేళ్లకే వాయుసేనకు వెళ్లారు. ఆయన మొదటి ఉద్యోగమే నిఘా. కరాచీలోని కోస్టల్ ఫ్లైట్‌లో, పైకప్పు లేని రెండు రెక్కల వాపిటీ లాంటి పాత విమానాల్లో, అరేబియా సముద్రం మీద జలాంతర్గాముల కోసం గస్తీ. అప్పట్లో విశాఖలోనూ అలాంటి ఫ్లైట్ ఒకటి ఉండేది. సముద్రం మీద కెమెరా కంటే కంటిదే పని. 300 మీటర్ల ఎత్తు నుంచి దిగంతం 60 కిలోమీటర్ల పైన కనిపిస్తుంది, కానీ జలాంతర్గామి నీటి పైకి చాచే పెరిస్కోప్ ఒక కర్రముక్కంత. దాన్ని కాక, అది వెనక వదిలే తెల్లటి నురుగు చారను వెతకాలి.

ఆ గస్తీ విలువ తెలుగు తీరానికి అనుభవమే. 1942 ఏప్రిల్ 4న సిలోన్‌కు ఆగ్నేయంగా కెనడా పైలట్ లియొనార్డ్ బర్చల్ తన కాటలీనా విమానం నుంచి జపాన్ నౌకాదళాన్ని చూశాడు. కూలిపోయే లోపు రేడియోలో కబురు పంపగలిగాడు, బందీగా చిక్కాడు. మర్నాడు కొలంబో మీద దాడి జరిగేసరికి అక్కడివాళ్లు కాచుకుని ఉన్నారు. బంగాళాఖాతంలోకి చొచ్చుకొచ్చిన ఇంకో జపాన్ దళం విమానాలు ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఇప్పుడు విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా నిలబెట్టిన టీయూ-142 ఈ గస్తీ వంశానిదే. ఆ భారీ విమానం అరక్కోణం నుంచి సముద్రమంతా గాలించి 2017లో విశ్రమించింది. దాని ముందు సెల్ఫీలు దిగేవాళ్లు లోపలికి ఎక్కి పరికరాల బల్లలు కూడా ఒకసారి చూడాలి. యుద్ధం చేసేది ఎక్కువగా ఆ బల్లల దగ్గరే.

లతీఫ్ ఆ తర్వాత హరికేన్లు, స్పిట్‌ఫైర్లు నడిపారు. దేశ విభజనప్పుడు పాకిస్తాన్ వాయుసేనలోకి రమ్మని తోటి అధికారులు పిలిచినా వెళ్లలేదు. పరమ విశిష్ట సేవా పతకం పొందారు, 1978లో వాయుసేనాధిపతి అయ్యారు. నిఘాకు ఆయన చేసిన మేలు మిగ్-25. సోవియట్ యూనియన్‌తో దాని కోసం జరిగిన చర్చల్లో ఆయన పాత్ర ఉంది. 1981లో పదవీ విరమణకు ముందు 58 ఏళ్ల వయసులో ఆ విమానంలో స్వయంగా ఎగిరారు కూడా.

కాన్‌బెరా దొరికిపోయే కాలం వచ్చిందని అర్థమయ్యాక పుట్టిన జవాబు మిగ్-25. బరేలీలోని 102వ స్క్వాడ్రన్ వీటిని 2006 దాకా నడిపింది. 20 కిలోమీటర్ల పైన, ధ్వని కంటే రెండున్నర రెట్ల వేగంతో, అంటే గంటకు 2,600 కిలోమీటర్ల పైచిలుకు. ఆ వేగంలో ఎదురుగాలి నొక్కుకుపోయి వేడెక్కుతుంది. బయట మైనస్ 56 డిగ్రీలున్నా విమానం ముక్కు దగ్గర గాలి 215 డిగ్రీలకు చేరుతుంది. అల్యూమినియం ఆ వేడికి మెత్తబడుతుంది కాబట్టి ఆ విమానాన్ని ఎక్కువ భాగం ఉక్కుతో కట్టారు. పైలట్ వ్యోమగామిలా ఒత్తిడి సూటు తొడుక్కోవాలి. 19 కిలోమీటర్లు దాటాక గాలి ఒత్తిడి ఎంత పడిపోతుందంటే నీరు మన ఒంటి వేడికే మరుగుతుంది. నాథ్ వంద కిలోమీటర్ల సాలుకు ఏడున్నర నిమిషాలు తిన్నగా ఎగరాల్సి వస్తే ఇందులో రెండుంబావు నిమిషాలు చాలు. 1997లో ఒక మిగ్-25 ఇస్లామాబాద్ మీద ధ్వని వేగాన్ని దాటి పెళ్లుమనిపించిందని, పైకి లేచిన పాకిస్తాన్ విమానాలు దాన్ని అందుకోలేకపోయాయని అప్పటి పత్రికలు రాశాయి.

దీన్ని ఇంటికి పంపింది శత్రువు కాదు, ఉపగ్రహం. ఈ పనికి కూడా హైదరాబాదే కేంద్రం. 1975లో పని మొదలుపెట్టిన జాతీయ దూరసంవేదన సంస్థ బాలానగర్‌లో ఉంది. బేగంపేట నుంచి సర్వే విమానాలు నడిపింది, షాద్‌నగర్‌లో ఉపగ్రహాల ఫోటోలు అందుకుంటుంది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన కార్టోశాట్-1లో రెండు కెమెరాలు. ఒకటి 26 డిగ్రీలు ముందుకు, ఇంకొకటి 5 డిగ్రీలు వెనక్కు వంగి ఉంటాయి. 618 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఒకే చోటును ఒక నిమిషం లోపే రెండు కోణాల్లో చూస్తాయి. బొటనవేలి లెక్కే. 2019లో వెళ్లిన కార్టోశాట్-3 పావు మీటరు వస్తువును కూడా విడిగా గుర్తిస్తుంది. ఉపగ్రహానికి కక్ష్య తిన్నగా ఉండడం ప్రకృతి నియమం, దానికి ధైర్యం అక్కర్లేదు.

కానీ అదే దాని బలహీనత కూడా. కక్ష్య మారదు కాబట్టి ఎప్పుడొస్తుందో ఎవరైనా లెక్క కట్టొచ్చు. 1998 మేలో పోఖ్రాన్‌లో మనవాళ్లు చేసింది అదే. అమెరికా ఉపగ్రహాలు నెత్తిన ఉండే వేళలు చూసుకుని, రాత్రుళ్లు పనిచేసి, తెల్లారేసరికి ఇసుక సర్దేశారు. పైగా మబ్బు పడితే కనిపించే వెలుతురుతో పనిచేసే కెమెరాకు ఏమీ కనిపించదు. అందుకే ఇప్పుడు డ్రోన్లు ఎగురుతున్నాయి, అందుకే 1999లో కార్గిల్ కొండల మీదికి 42 ఏళ్ల కిందటి ఒప్పందంతో వచ్చిన కాన్‌బెరా రకాన్నే మళ్లీ పంపాల్సి వచ్చింది.

అదే ఏడాది మే 21న స్క్వాడ్రన్ లీడర్ పెరుమాళ్, నావిగేటర్ ఝా ఆ కొండల ఫోటోలు తీస్తున్నారు. భుజం మీంచి వదిలే స్టింగర్ లాంటి క్షిపణి మూడున్నర కిలోమీటర్లు పైకి పోతుంది. మైదానంలో వదిలితే కాన్‌బెరా దరిదాపులకు రాలేదు. 5 కిలోమీటర్ల శిఖరం మీద కూర్చుని వదిలితే ఎనిమిదిన్నర కిలోమీటర్ల దాకా అందుతుంది. అది వేడిని వెతుక్కుంటూ వచ్చి కుడి ఇంజన్‌కు తగిలింది. పెరుమాళ్ మిగిలిన ఒక్క ఇంజన్‌తో విమానాన్ని శ్రీనగర్‌లో దించారు. ఇద్దరూ క్షేమం, విమానం కూడా దక్కింది. ఐదు రోజుల తర్వాత, మే 26న, వాయుసేన దాడులు మొదలయ్యాయి.